ఒంగోలు–నెల్లూరు హైవే మీద ఆర్‌ఎస్‌యూలు ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఎన్‌హెచ్-16 మీద కనెక్టెడ్ వాహనాలతో మాట్లాడే రోడ్డు పక్క రేడియో యూనిట్లు, అంటే ఆర్‌ఎస్‌యూలు, ఎన్ని మీటర్లకొకటి పెట్టాలి? వెండరు ప్రెజెంటేషన్‌లో 500 మీటర్లకొకటి అని ఉంది, డీపీఆర్‌లో, అంటే ప్రాజెక్టు సమగ్ర నివేదికలో, అదే రాసేయమంటున్నారు. బైకులు, షేర్ ఆటోలు, ట్రాక్టర్లు, గేదెలు కలిసి నడిచే మన రోడ్డు మీద అది పనికొస్తుందా అని మీ అనుమానం.

అనుమానం సబబే. సుమారు 120 కిలోమీటర్లకు 500 మీటర్ల చొప్పున వేస్తే 240 యూనిట్లు. అమ్మేవాళ్లకు ఆ లెక్క ముద్దుగానే ఉంటుంది. నేను టోల్ ప్లాజా లేన్ పరికరాల దగ్గర్నుంచి హైవే కెమెరాలు, మెసేజ్ బోర్డుల దాకా చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. నన్నడిగితే దూరంతో లెక్క మొదలుపెట్టకండి. రేడియో లేని బండి ఉన్నట్టుండి అడ్డొచ్చే చోట్లేవో ముందు జాబితా రాయండి. ఒక్కో చోటుకు ఒక సెట్టు చొప్పున ప్లాన్ చేయండి. ఆ చోట్ల మధ్య మిగిలే రోడ్డును మొబైల్ నెట్‌వర్క్‌కీ, బోర్డులకీ వదిలేయండి.

ఎందుకో చిన్న లెక్కతో చెప్తాను. మన రోడ్డు మీద నూటికి ఐదు బండ్లలో ఓబీయూ, అంటే మిగతా బండ్లతోనూ రోడ్డుతోనూ మాట్లాడటానికి బండిలో ఉండే వీ2ఎక్స్ రేడియో, ఉందనుకుందాం. ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే. ఎదురుపడిన రెండు బండ్లలోనూ అది ఉండే అవకాశం ఐదు శాతంలో ఐదు శాతం, 0.25 శాతం. అంటే 400 సార్లు ఎదురుపడితే ఒక్కసారి రెండూ మాట్లాడుకుంటాయి. ఓబీయూలు పది శాతానికి పెరిగినా వందలో ఒక్కసారే. బండికీ రోడ్డుకీ మధ్య మాట అలా కాదు. ఐదు శాతం బండ్లుంటే ఐదు శాతానికీ అందుతుంది. అందుకే మన దగ్గర మొదటి పదేళ్ల ప్రయోజనమంతా రోడ్డు వైపు నుంచే రావాలి.

ఇంకో సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. వాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల వాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్లేవాళ్లు. ఈ ఇద్దరి దగ్గరా ఓబీయూ లేదు, ఇప్పట్లో రాదు కూడా. కాబట్టి వట్టి రేడియో పెట్టె పెడితే అది ఎవరి గురించి చెప్పాలో వాళ్లనే చూడలేదు. పెట్టెకు కళ్లుండాలి. రాడార్, కెమెరా కలిసి రోడ్డు మీద ఉన్న రేడియో లేని బండిని పట్టుకోవాలి, దాని చోటు, వేగం లెక్కగట్టాలి, దాని తరఫున ఆర్‌ఎస్‌యూ మిగతా వాళ్లకు చెప్పాలి. యూరప్ ప్రమాణాల్లో దీనికి కలెక్టివ్ పర్సెప్షన్ మెసేజ్ అని విడిగా ఒక మెసేజే ఉంది. అదే సమాచారంతో స్తంభం మీద ఒక పసుపు బ్లింకర్ కూడా వెలిగించండి. ఓబీయూ ఉన్నా లేకపోయినా కళ్లున్న ప్రతి డ్రైవరుకూ అది అందుతుంది. వెండర్లకు ఈ బ్లింకర్ మాట ఎత్తితే మొహం చిట్లిస్తారు, అందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు కదా. నా లెక్కలో మొదటి దశలో డబ్బుకు తగ్గ పని చేసేది అదే.

ఇక చోట్లు. పోలీసులు ప్రమాదం జరిగిన చోటునే ఫోన్‌లో నమోదు చేసే ఐరాడ్ డేటా (ఇప్పుడు ఈడార్) తెప్పించుకోండి. మూడేళ్లలో 500 మీటర్ల ముక్కలో చావులో, తీవ్ర గాయాలో ఉన్న ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్ అని కేంద్రం నిర్వచనం. అక్కడితో ఆగకండి. తృటిలో తప్పిన ప్రమాదాలు ఏ రికార్డులోనూ ఉండవు. అనుమానమున్న ప్రతి చోటా కొన్ని రోజులు వీడియో తీసి, ఒక బండి దాటిన చోటుకు రెండో బండి ఎన్ని సెకన్ల తేడాతో వచ్చిందో కొలవండి. సెకనున్నర లోపు తేడాలు ఎక్కువ ఉన్న చోటు జాబితాలో పైకి రావాలి. సర్వే రోజులు కూడా చూసి పెట్టుకోండి. కోవూరు, కొడవలూరు వైపు వరి కోతలప్పుడు ట్రాక్టర్లు, కోత మిషన్లు హైవే ఎక్కుతాయి. వేసవిలో ఉలవపాడు దగ్గర మామిడికాయల దుకాణాల ముందు కార్లు ఇండికేటర్ కూడా వేయకుండా పక్కకు లాగుతాయి. టంగుటూరు, సింగరాయకొండ వైపు పొగాకు వేలం రోజుల్లో ఉండే రద్దీ వేరు. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలతో కృష్ణపట్నం, చెన్నై రేవుల వైపు పోయే ట్రైలర్లు ఏడాది పొడవునా ఉంటాయి. వాటి ముందు సడన్ బ్రేక్ అనేది కుదరని పని. జూన్‌లో రెండు రోజులు లెక్కబెట్టి ఏడాదికి గుణించిన సర్వేలో ఇవేవీ కనపడవు.

ఒక్క డివైడర్ గ్యాప్‌ను దగ్గరగా చూద్దాం. అవతలి ఊరి నుంచి వడ్ల ట్రక్కుతో ట్రాక్టరు వచ్చి గ్యాప్‌లో ఆగింది. మూడు వరుసలూ దాటి, వెనక ట్రక్కు కూడా రోడ్డు ఖాళీ చేయాలంటే అది దాదాపు 20 మీటర్లు కదలాలి. ఆగిన చోటు నుంచి, బరువుతో, సెకనుకు రెండు మీటర్ల వేగమే వస్తుందనుకోండి, పది సెకన్లు. అదే పది సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 278 మీటర్లు వచ్చేస్తుంది. ట్రాక్టరాయన చూసుకుని కదిలినప్పుడు ఆ కారు ఎక్కడో చుక్కలాగా ఉంటుంది, రాత్రయితే వట్టి రెండు లైట్లే. దూరం అందాజా వేయడం ఎవరి వల్లా కాదు.

ఈ కారుకు హెచ్చరిక ఎక్కడ అందాలి? 100 కిలోమీటర్ల వేగానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) చెప్పే ఆగే దూరం 180 మీటర్లు, అందులో డ్రైవరు తేరుకునే రెండున్నర సెకన్లు కలిసే ఉన్నాయి. రాడార్ చూసి, ఖాయం చేసుకుని, మెసేజ్ పోయి, డ్రైవరు చెవిన పడేదాకా ఇంకో మూడు సెకన్లు వేసుకోండి, అది 83 మీటర్లు. మొత్తం 263. గ్యాప్‌కు 250 నుంచి 300 మీటర్ల ముందే మాట అందాలన్నమాట.

కాగితం మీద ఇది తేలికే. ఆర్‌ఎస్‌యూ 23 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) బలంతో పంపితే, 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 300 మీటర్లకు ఖాళీ జాగాలో నష్టం సుమారు 97 డీబీ. చేరేది మైనస్ 74. రిసీవరుకు మైనస్ 90 వచ్చినా చాలు కాబట్టి చేతిలో 16 డీబీ మిగులు. వెండరు స్లైడు ఇక్కడితో అయిపోతుంది. మధ్యలో కంటైనర్ లారీ ఒకటి అడ్డొస్తే 10 నుంచి 20 డీబీ దానికే పోతుంది, మిగులంతా హరీ.

లారీ నీడ లెక్క ఎవరైనా నోటుబుక్కులో వేసుకోవచ్చు. కారు మీద యాంటెన్నా ఎత్తు మీటరున్నర, 20 మీటర్ల ముందు నాలుగు మీటర్ల ఎత్తు లారీ, గ్యాప్ దగ్గర స్తంభం మీద 8 మీటర్ల ఎత్తులో మన ఆర్‌ఎస్‌యూ. కారు యాంటెన్నాకూ స్తంభానికీ నేరు చూపు దొరకాలంటే కారు స్తంభానికి 52 మీటర్ల లోపుకు రావాలి. స్తంభం 5 మీటర్లే అయితే 28 మీటర్లు. ఆ దూరంలో హెచ్చరిక వచ్చి లాభమేంటి? కంటైనర్ ట్రైలరైతే ఎత్తు నాలుగున్నర మీటర్ల దాకా ఉంటుంది, లెక్క ఇంకా దిగజారుతుంది. కృష్ణపట్నం, చెన్నై రేవుల బండ్లన్నీ ఈ రోడ్డునే పోయేవి కాబట్టి లారీ అడ్డు అనేది మనకు రోజువారీ మామూలు.

అందుకని రేడియోను గ్యాప్ దగ్గర పెట్టకండి. కళ్లు గ్యాప్ దగ్గర, నోరు 280 మీటర్ల ముందు. ఒంగోలు నుంచి వచ్చే వైపు ఒక స్తంభం, నెల్లూరు నుంచి వచ్చే వైపు ఒకటి, గ్యాప్ దగ్గర రాడార్, కెమెరాలతో మూడోది. మూడింటినీ ఫైబర్ కలుపుతుంది. కారు స్తంభం పక్క నుంచే పోతుంది కాబట్టి ముందు లారీ ఉన్నా నేరు చూపు దొరుకుతుంది, దాటి పోయాక వెనక నుంచి కూడా సిగ్నల్ అందుతూనే ఉంటుంది. బ్లింకర్ కూడా అదే స్తంభం మీద, డ్రైవరుకు అవసరమైన చోటే ఉంటుంది. మీ డీపీఆర్‌లో ఈ ఒక్క మార్పు చేసినా నాకు చాలు.

చెట్ల సంగతి మరిచిపోవద్దు. డివైడరులో గన్నేరు చెట్లు వానలు పడ్డాక ఏపుగా పెరిగి రాడార్‌కు, కెమెరాకు అడ్డం పడతాయి. రోడ్డు పక్క చిల్లచెట్ల సంగతి చెప్పక్కర్లేదు, కొట్టిన మూడు నెలలకు మళ్లీ తయారు. తీరం వైపు సరుగుడు తోటలున్న వంపుల్లో ఆకు తేమగా ఉంటే 5.9 గిగాహెర్ట్జ్ సిగ్నల్ బాగా దెబ్బతింటుంది. సిగ్నల్ సర్వే మే నెలలో కాదు, నవంబరులో చేయించండి. కొమ్మలు కొట్టే పని ఎవరిదో, ఏడాదికి ఎన్నిసార్లో కాంట్రాక్టులో రాయండి. రాయకపోతే రెండేళ్ల తర్వాత హార్టికల్చర్ వాళ్లూ, ఈ పరికరాలు పెట్టిన మీ కాంట్రాక్టరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

రాడార్ కొనేటప్పుడు ఒక మాట గట్టిగా అడగండి: కదలకుండా ఆగి ఉన్న బండిని అది పట్టుకుంటుందా? రోడ్డు మీద పెట్టే రాడార్లలో చాలావాటికి సాఫ్ట్‌వేరు కదలని వాటిని రెయిలింగ్, బోర్డులతో కలిపి తీసి పారేస్తుంది. మన రాత్రిళ్లలో బండ్లను మింగేది ధాబా ముందు టెయిల్ లైట్ లేకుండా ఆపిన లారీయే. ఆగిన బండిని ఎన్ని సెకన్లలో పట్టుకోవాలి, ఎంత దూరం నుంచి, వానలో ఎంత అన్నది టెండరులో అంకెలతో ఉండాలి. కెమెరా ఒక్కటే పెడితే రాత్రి ఎదురు లైట్ల వెలుగులో నల్ల గేదెను చూడలేదు. థర్మల్ కెమెరా ఖరీదెక్కువ, కానీ గేదెలు రోడ్డు దాటే చోట్లు మన జాబితాలో కొన్నే ఉంటాయి, అక్కడికి మాత్రం పెట్టొచ్చు.

విదేశీ సాఫ్ట్‌వేరు వరుసల లెక్కన నడుస్తుంది. మ్యాప్ మెసేజ్‌లో ఫలానా వరుస, ఫలానా దిక్కు అని గీసి ఇస్తారు. మన దగ్గర సర్వీసు రోడ్డు మీద బైకు రెండు దిక్కులా వస్తుంది, ఒక్కోసారి హైవే అంచునే రాంగ్ రూట్‌లో వస్తుంది. ఇలాంటి చోట "రెండో వరుసలో అడ్డంకి" అని చెప్పి లాభం లేదు. గ్యాప్ చుట్టూ ఒక జోన్ గీసి, ఆ జోన్‌లో ఎవరైనా ఉన్నారా, ఏ వైపు కదులుతున్నారు అన్నంత వరకే చెప్పే పద్ధతి పెట్టమనండి. రాంగ్ రూట్ బండిని సాఫ్ట్‌వేరు తప్పు రీడింగ్ అనుకుని పక్కన పెట్టకూడదు, అసలు హెచ్చరించాల్సింది దాని గురించే.

తప్పుడు హెచ్చరికలు ఇంకో తలనొప్పి. గ్యాప్‌లో ట్రాక్టరు టీ తాగడానికి ఆగినా, రోడ్డు దాటే ఉద్దేశం లేకపోయినా, ప్రతిసారీ బీప్ కొడితే లారీ డ్రైవరు రెండో ట్రిప్పుకే వైరు పీకేస్తాడు. అందుకే మూడు సెకన్ల లెక్కలో ఖాయం చేసుకునే సమయం కలిపాను. తెర మీద రాతలు కూడా వద్దు. ఈ రోడ్డు మీద తెలుగు, తమిళం, హిందీ, ఒడియా, బెంగాలీ డ్రైవర్లందరూ ఉంటారు. ఐఆర్‌సీ బోర్డుల్లో అందరికీ అలవాటైన గుర్తు ఒకటి, శబ్దం ఒకటి, అంతే.

మీ ప్రశ్నలో అన్ని హెచ్చరికలనూ ఒకే గాటన కట్టారు. వాటిని సమయం బట్టి విడదీయండి. సెకన్లలో పనికొచ్చేవి గ్యాప్, రాంగ్ రూట్, ఆగిన లారీ లాంటివి. వీటికే ఆర్‌ఎస్‌యూ, బండికి నేరుగా చెప్పే పీసీ5 రేడియో. నిమిషాల్లో చెప్పినా సరిపోయేవి ట్రాఫిక్ జామ్, రోడ్డు పని, వరద. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయి రాకపోకలు ఆగిపోయాయి. ఆ కబురు పెన్నా వంతెన మీద స్తంభం చెప్తే ఏం లాభం, అప్పటికే బండి క్యూలో ఉంటుంది. అది టంగుటూరు టోల్ ప్లాజా దగ్గరే తెలియాలి, అటు చెన్నై నుంచి వచ్చేవాళ్లకు గూడూరు చేరకముందే తెలియాలి. దానికి 4జీ ఫోను, మెసేజ్ బోర్డు, టోల్ ప్లాజా సిబ్బంది చాలు. ఏఐఎస్-140 అనే వాహన ప్రమాణం ప్రకారం ట్రాకర్లున్న బస్సులు, ట్యాక్సీలు ఇప్పటికే తమ చోటు పంపుతూ ఉంటాయి, వాటి వేగం పడిపోవడం చూస్తే జామ్ తెలిసిపోతుంది. వాటి డేటా అడగండి, కొత్తగా ఏమీ పాతక్కర్లేదు. ఫాస్టాగ్‌ను మాత్రం దీనికి లెక్కలో వేసుకోకండి. అది 865–867 మెగాహెర్ట్జ్ పాసివ్ (బ్యాటరీ లేని) ట్యాగు, కొన్ని మీటర్ల దగ్గర నిలబడి చదివితేనే పలుకుతుంది. రెండు ప్లాజాల మధ్య ఎంతసేపు పట్టిందో చెప్పడానికి పనికొస్తుంది, అంతవరకే.

స్పెక్ట్రమ్ గురించి రెండే మాటలు. మన దేశంలో 2018లో లైసెన్సు లేకుండా వాడుకోమన్న 5 గిగాహెర్ట్జ్ బ్యాండు 5875 మెగాహెర్ట్జ్‌తో ఆగింది, వీ2ఎక్స్ ఛానళ్లు దాని పైన మొదలవుతాయి. ఆర్డరు పెట్టే ముందు స్పెక్ట్రమ్ అనుమతులిచ్చే టెలికాం శాఖ విభాగం డబ్ల్యూపీసీ నుంచి ఆ రోజుకు అమల్లో ఉన్న అనుమతి రాతపూర్వకంగా చేతిలో పెట్టుకోండి. పాత డీఎస్ఆర్‌సీ (వైఫై తరహా వీ2ఎక్స్) పెట్టెలు చవకగా ఇస్తామని ఎవరైనా వస్తే వద్దనండి. అమెరికా 2020లోనే ఆ బ్యాండులో 45 మెగాహెర్ట్జ్ వైఫైకి ఇచ్చేసి, మిగిలిన 30 సీ-వీ2ఎక్స్ (మొబైల్ టెక్నాలజీ మీద కట్టిన వీ2ఎక్స్) వైపు తిప్పింది. చైనా మొదట్నుంచీ సీ-వీ2ఎక్సే.

ఇప్పుడు ఎవరూ డీపీఆర్‌లో సరిగ్గా రాయని భాగం: కరెంటు, ఫైబర్, ఉప్పుగాలి, దొంగలు.

ఆర్‌ఎస్‌యూ ఒక్కటే అయితే 15–25 వాట్లు. రాడార్, కెమెరాలు, అక్కడికక్కడే లెక్కగట్టే చిన్న కంప్యూటరు కలిపితే గ్యాప్ దగ్గరి స్తంభం 100 వాట్లు దాటుతుంది. అంటే రోజుకు 2.4 యూనిట్లు. 8 గంటల బ్యాకప్‌కు 800 వాట్-అవర్లు నికరంగా కావాలి, బ్యాటరీని అడుగంటా వాడకూడదు కాబట్టి వెయ్యి పైన వేసుకోండి. తుపాను వస్తే 8 గంటలు ఏ మూలకూ చాలదు, అందుకని కరెంటు పోయిన గంటకు కెమెరాలు ఆపి రాడార్, బ్లింకర్, రేడియో మాత్రం నడిచేలా పెట్టమనండి. సోలార్ మంచిదే, కానీ రోడ్డు పక్క నిలబెట్టిన బ్యాటరీకి తాళం వేసినా నమ్మకం లేదు. నేలకు అందే ఎత్తులో బ్యాటరీ పెట్టె ఉన్న ప్రతి సైటులోనూ ఒకటే కథ. పైకెక్కించండి, రాగి కేబులును కాంక్రీటులో పోయించండి.

ఫైబరు కోసం ఏపీ ఫైబర్‌నెట్ తీగ దగ్గర్లో ఉంది కదా అని సంబరపడొద్దు. అది ఎక్కువగా కరెంటు స్తంభాల మీద వేలాడేది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజున స్తంభంతో పాటే తీగా నేల మీదికి వస్తుంది, మనకు హెచ్చరికలు ఎక్కువ కావాల్సిందీ ఆ రోజే. మూడు స్తంభాల మధ్య లింకు భూమిలోనే ఉండాలి. కంట్రోల్ రూముకు లింకు తెగినా ఆ మూడూ తమలో తాము పనిచేసుకోవాలి. బయటి లింకుకు ఫైబరు ఒకటి, దానికి తోడు రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు. స్తంభం డిజైనుకు నెల్లూరులో కట్టడాల మీద గాలి భారం చెప్పే ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. మామూలు లైటు స్తంభానికి బిగించేస్తాం అంటే ఒప్పుకోకండి. రాడార్ ఒక్క డిగ్రీ తిరిగినా 280 మీటర్ల దగ్గర దాదాపు 5 మీటర్ల తేడా వస్తుంది, అంటే హైవే మీది బండి సర్వీసు రోడ్డు మీద ఉన్నట్టు కనపడుతుంది. బోల్టులు, క్లాంపులు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ కావాలి. తీరం దగ్గరి సైట్లలో మామూలు జీఐ బోల్టుకు తుప్పు ఎంత త్వరగా పడుతుందో కావలి వైపు ఏ కేబుల్ ఆపరేటర్‌నడిగినా చెప్తాడు. రోహిణి కార్తెలో మూసి ఉన్న ఇనుప పెట్టె లోపల వేడికి కంప్యూటరు దానంతటదే ఆగిపోతుంది. ఫ్యాను పెడితే దుమ్ము, ఉప్పు లోపలికి. ఫ్యాను లేని కంప్యూటరు, రెండు పొరల పెట్టె, తెల్ల రంగు, నీడ పడే వైపు బిగింపు. ఈ నాలుగూ స్పెసిఫికేషన్‌లో పెట్టండి.

ఆర్‌ఎస్‌యూ పంపే ప్రతి మెసేజ్‌కూ డిజిటల్ సంతకం ఉంటుంది, దాని సర్టిఫికెట్‌కు గడువుంటుంది. గడువు తీరితే పెట్టె పైకి బాగానే వెలుగుతూ ఉంటుంది, బండ్లు మాత్రం దాని మాట నమ్మవు. రెన్యువల్ ఎవరి ఖర్చో రాసుకోండి. కెమెరాల్లో నంబరు ప్లేట్లు, మొహాలు పడతాయి కాబట్టి 2023 డేటా రక్షణ చట్టాన్ని దృష్టిలో పెట్టుకోండి. మన పనికి బండి ఆకారం, చోటు చాలు, వీడియోను స్తంభం దగ్గరే లెక్కగట్టి చెరిపేయమనండి.

మొదటి దశకు నేనైతే 120 కిలోమీటర్లకూ పోను. సింగరాయకొండ దగ్గర కందుకూరు రోడ్డు కలిసే చోటు, ఉలవపాడు దుకాణాల వరుస, కోవూరు వైపు వరి ట్రాక్టర్ల గ్యాపులు, నెల్లూరు దగ్గర చింతారెడ్డిపాళెం క్రాస్. ఇలా ఒకదానికొకటి పోలిక లేని నాలుగు రకాల చోట్లు తీసుకుంటాను. ఒక్కో చోట బ్లింకర్ ఒక్కటే రెండు నెలలు నడిపి, తర్వాత రేడియో కలిపి నడుపుతాను. బండ్లు 280 మీటర్ల దగ్గర నుంచి గ్యాప్ చేరేలోపు వేగం ఎంత తగ్గించాయి, సెకనున్నర లోపు తేడాలు ఎన్ని తగ్గాయి అన్నది రెండు దశల్లోనూ కొలుస్తాను. రేడియో వైపు లారీ వెనక పోయే టెస్టు కారులో గ్యాప్‌కు 300 మీటర్ల దగ్గర నూటికి 90 మెసేజ్‌లు అందాలి. ఖాళీ రోడ్డు మీద తీసిన రీడింగు ఒప్పుకోను. లెక్కల్లో బ్లింకర్‌కూ, బ్లింకర్ ప్లస్ రేడియోకూ తేడా రాకపోతే ఆ రకం చోట్లలో రేడియో వాయిదా వేసి, స్తంభం, ఫైబరు, కరెంటు మాత్రం ఉంచుకుంటాను. ఓబీయూలు పెరిగినప్పుడు పెట్టె తెచ్చి బిగించడం ఒక పూట పని.

బిల్లుల విషయం చివరిగా. బిగించిన రోజే 90 శాతం చెల్లించే షరతు ఉంటే కొట్టేయించండి. సగం బిగింపుకు, సగం ఐదేళ్లకు విడగొట్టి నెలనెలా పనిచేసిన గంటలను బట్టి ఇవ్వాలి. పనిచేసిందా లేదా అన్నది కాంట్రాక్టరు డాష్‌బోర్డులోని పచ్చ లైటు చూసి తేల్చకండి. మీ ఇన్‌స్పెక్షన్ బండిలో ఓబీయూ పెట్టుకుని నెలకోసారి, వీలైతే రాత్రిపూట, లారీ వెనకాల పోతూ తీసిన లాగ్‌తో తేల్చండి.